'అన్నా' అంటే చాలు!

సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన కూర్చున్నాయనకు నలభై దాటి ఉండవు. జుట్టుకు రంగేసుకుని, చొక్కా టక్ చేసుకుని హుషారుగా ఉన్నాడు. ఇంతలో ఓ కాలేజీ కుర్రాడొచ్చి 'అంకుల్, కొంచెం జరుగుతారా?' అన్నాడు. అంతే! ఆయన ముఖం మాడిపోయింది. జరిగాడు కానీ, దిగేదాకా ఆ కుర్రాడి వంక చూస్తే ఒట్టు. అదే 'అన్నా, జర జరుగవా' అని ఉంటే? సగం సీటు ఇచ్చేవాడు. ఏ ఊరని అడిగేవాడు. కోదాడ వచ్చేలోపు చుట్టరికం కూడా కలిపేసేవాడు!

ఏ బస్సులోనైనా కనిపించే దృశ్యమే ఇది. ఆడవాళ్ల వయసు అడగకూడదంటారు కానీ, పిలుపు విషయంలో మగవాళ్ల పట్టింపు తక్కువేం కాదు. 'హీరోలా ఉన్నావ్' అంటే ఆ పూటకు సంతోషం. 'మాట తప్పడు', 'ఆపదలో ఆదుకుంటాడు' అంటే ఆ సంతోషం చాలాకాలం ఉంటుంది. అన్నిటికన్నా ముందు మాత్రం మర్యాదగా పిలవాలి. ఇంగ్లిషులో మూడో మనిషి మగవాడైతే రాజుకైనా కూలీకైనా 'హి' ఒక్కటే. మన భాషలో అలా కాదు. వాడు, అతను, ఆయన, వారు... నాలుగు మెట్లు. ఎదుటివాళ్లు మనల్ని ఏ మెట్టు మీద నిలబెట్టారో నోరు తెరవగానే తెలిసిపోతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ మెట్ల వెనక పెద్ద చరిత్రే ఉంది.

'అయ్య' పోయి 'గాడు'

నిజాం కాలంలో ఇక్కడి పల్లెల్లో తల్లిదండ్రులు పెట్టిన పేరు మల్లయ్య. గడీ ముందుకొచ్చేసరికి అది మల్లిగాడు. ఎల్లయ్య అయితే ఎల్లిగాడు. పేరు చివర ఉన్న 'అయ్య' ఊడిపోయి 'గాడు' వచ్చి చేరేది. తల నెరిసిన మనిషిని కూడా దొర ఇంట్లో పిల్లలు 'ఒరేయ్' అనేవారు. దానికి బదులు ఒక్కటే... 'నీ బాంచన్ దొరా, కాల్మొక్తా'. బాంచ అంటే బానిస. అంటే మనిషి తన నోటితోనే తనను బానిసనని చెప్పుకోవాలన్నమాట.

ఆ పిలుపు వెనక భూమి ఉంది. సూర్యాపేట తాలూకాకు చెందిన జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలు ఉండేవని తెలంగాణ పోరాట చరిత్ర చెబుతుంది. భూమి ఎవరిదైతే మర్యాదా వారిదే. మిగిలినవాళ్లకు వెట్టి. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్రమహాసభ జరిగాక సంఘం ఊరూరా వేళ్లూనుకుంది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాక అది సాయుధ పోరాటమైంది. 1951 అక్టోబరులో విరమించేదాకా సాగింది.

భూమి, కూలితో పాటు ఆ పోరాటం మార్చిన మూడోది పిలుపు. సంఘంలో అడుగుపెట్టిన మనిషి 'గాడు' కాదు. అన్న, అక్క, కామ్రేడ్. దళంలో పనిచేసిన మల్లు స్వరాజ్యం 'రాజక్క' అయ్యారు. ఆ పోరాటాన్ని నడిపిన నాయకుల్లో ఒకరైన సుందరరామిరెడ్డి తన పేరులోంచి కులాన్ని తీసేసుకుని పుచ్చలపల్లి సుందరయ్యగా మిగిలారు. మల్లయ్య పోగొట్టుకున్న 'అయ్య'నే ఆయన కోరి తెచ్చుకున్నారు!

పేరు కురచ చేయడం ఎప్పుడూ అవమానమే అనుకోవద్దు. స్వరాజ్యం అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి మిర్యాలగూడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు వెళ్లారు. జనానికి మాత్రం ఆయన బీఎన్. అంత పెద్ద పేరు రెండక్షరాలైనా గౌరవం తగ్గలేదు. ఎందుకంటే అది ప్రేమతో కురచైన పేరు. మల్లిగాడు చులకనతో కురచైన పేరు. తేడా అక్షరాల్లో లేదు, అనే నోట్లో ఉంది.

ఇంకో మాట చూడండి. పట్నంలో జీతం వస్తోందంటే గొప్ప. ఇదే జిల్లాలో 'జీతగాడు' అంటే ఆసామి ఇంట ఏడాది పొడవునా పనిచేసే మనిషి. అప్పు తీరక జీతంలోనే వయసు కరిగిపోయినవారు ఎందరో. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. 'జీతగాడి కొడుకు' అన్న మాట వినలేకే పిల్లల్ని బడికి పంపిన తండ్రులున్నారు.

సరిహద్దులో 'అండీ'

ఇక కోదాడ. హైదరాబాద్-విజయవాడ రహదారి మీద తెలంగాణ చివరి పట్టణం. ఇది దాటితే జగ్గయ్యపేట. అటు 'ఏవండీ, మీరెప్పుడొస్తారు?' ఇటు 'అన్నా, నువ్వెప్పుడొస్తవ్?' కొత్తగా వచ్చినవాళ్లకు ఈ 'నువ్వు' చివుక్కుమనిపిస్తుంది. నిజానికి అందులో అమర్యాదేమీ లేదు. 'అన్నా'లోనే మర్యాదంతా ఉంది. 'నువ్వు'లో ఉన్నది దగ్గరితనం. ఇక్కడివాళ్లకేమో మాటమాటకీ 'అండీ' అంటుంటే దూరంగా నిలబెట్టినట్టుంటుంది.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లొచ్చాయి. ఎడమ కాలువ కింద మాగాణి సాగుకు కోస్తా రైతులూ వచ్చి స్థిరపడ్డారు. నీళ్లతో పాటు 'అండీ' కూడా పారింది! దాంతో కోదాడ మనిషి రెండు పిలుపులూ నేర్చాడు. బ్యాంకులో 'అండీ', టీకొట్టు దగ్గర 'అన్నా'. ఏది ఎక్కడ వాడాలో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

సేటు... హమాలీ

మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరు. మిల్లు యజమాని సేటు. లారీ తోలే ఆయన డ్రైవరన్న. ఇల్లు కట్టే ఆయన మేస్త్రీ. ఈ పిలుపుల్లో పనికి గౌరవం ఉంది. మరి బస్తా మోసే ఆయన? 'ఓ హమాలీ!' అంతే. ఏళ్ల తరబడి ఒకే మిల్లులో మోసినా పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. పేరుకు 'అన్న' చేర్చి పిలిస్తే బస్తా బరువు తగ్గదు కానీ, మోసే మనిషి మనసు తేలికవుతుంది.

మగవాళ్లు కోరుకునే మాటల్లో ప్రమాదకరమైనదీ ఒకటుంది... 'పరువుగల మనిషి'. వినడానికి బాగుంటుంది. కానీ ఆ పేరును కన్నబిడ్డ సంతోషం కన్నా పెద్దది చేసుకుంటే ఏమవుతుందో ఈ ఊరు చూసింది. 2018 సెప్టెంబరులో కులాంతర పెళ్లి చేసుకున్న యువకుడిని భార్య కళ్లముందే చంపించారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. నలుగురూ ఏమంటారో అన్న భయంతో ఆ పని చేస్తే చివరికి నలుగురూ అన్నదేమిటి? హత్య అన్నారు. ఎదుటివారిని తొక్కి తెచ్చుకునే గౌరవం 'దొర' లాంటిదే. భయం ఉన్నంతకాలమే ఉంటుంది.

'అన్నా' అలాంటిది కాదు. అందులో ఒకరు పైన, ఒకరు కింద ఉండరు. అన్న అనిపించుకున్నవాడు 'ఏం తమ్మీ' అని పలకాల్సిందే. బహుశా అందుకే ఈ మూడు ఊళ్లలోనూ మగవాడికి అన్నిటికన్నా నచ్చే మాట అదే అయింది.

కాబట్టి ఈసారి బస్సులో నలభై ఏళ్లాయన పక్కన కూర్చోవాల్సి వస్తే 'అన్నా' అనండి. అరవై ఏళ్లాయనైనా ఫర్వాలేదు, లోలోపల మురిసిపోతాడు. బస్సు దిగాక బస్టాండు ఊడ్చే ఆయన ఎదురైతే... ఆయననూ అలాగే పిలవండి.