బతుకమ్మ పూలు పూసే నేల ‘బంజరు’ ఎలా అవుతుంది? గునుగు, తంగేడును గుర్తుపట్టండిలా..

కేసముద్రం పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది మార్కెట్ యార్డు. మిర్చి, పసుపు, మక్కల రాశులు. కాజీపేట–విజయవాడ రైల్వే లైన్ మీద ఉన్న ఈ ఊరు ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబర్ 11 నుంచి మహబూబాబాద్ జిల్లాలో భాగమైంది. ఎంగిలి పూల బతుకమ్మ దగ్గర పడుతుందంటే మాత్రం ఇక్కడి ఆడవాళ్లు వెతికేది మార్కెట్లో దొరికే పంటల్ని కాదు. ఎవరూ విత్తనం వేయకుండా, ఎవరూ నీళ్లు పెట్టకుండా చెల్క గట్ల మీద, చెరువు కట్టల పక్కన, గడ్డి బీళ్లలో వాటంతట అవే పూసే గునుగు, తంగేడు పూలను.

2014లో బతుకమ్మను తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించింది. అదే ఏడాది తంగేడు రాష్ట్ర పుష్పం అయ్యింది. పండుగకు గుర్తింపు వచ్చింది, పువ్వుకూ వచ్చింది. ఆ పువ్వు పూసే నేలకు మాత్రం ఇంకా రాలేదు. రికార్డుల్లో ఆ నేల పేరు ఇప్పటికీ బంజరు, పోరంబోకు లేదా ‘వేస్ట్ ల్యాండ్’. ఒకప్పుడు ఊరి పొలిమేరలోనే ఉచితంగా దొరికిన గునుగు ఇప్పుడు చాలా పట్టణాల్లో కట్టలు కట్టి అమ్మే సరుకైంది. ఎందుకిలా జరుగుతోంది? ఈ మొక్కలను ఎలా గుర్తుపట్టాలి? కాపాడుకోవడానికి చట్టంలో ఏముంది? చూద్దాం.

‘బంజరు’ అనే పేరు ఎలా వచ్చింది?

పాత రెవెన్యూ లెక్క చాలా సింపుల్. శిస్తు వచ్చే భూమి మంచిది, రానిది వృథా. బ్రిటిష్ కాలం నాటి ఈ చూపు ఇప్పటికీ పోలేదు. కేంద్ర భూ వనరుల శాఖ, హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి తయారుచేసే వేస్ట్ ల్యాండ్స్ అట్లాస్‌లో పొదలు, గడ్డి ఉన్న నేలలు కూడా ‘వృథా భూముల’ కిందికే వస్తాయి. ఉపగ్రహం ఫొటోలో అక్కడ చెట్లు కనిపించవు, పంట కనిపించదు. అంతే, ఖాళీ అని రాసేస్తారు.

నిజానికి ఆ నేల ఖాళీ కాదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.9 కోట్లకు పైగా గొర్రెలు ఉన్నాయి. ఇది దేశంలోనే మొదటి స్థానం. గొల్ల కురుమల మందలకు మేత దొరికేది ఎక్కువగా ఈ గడ్డి నేలల్లోనే. మన పాత వాడుకలో దీనికి మంచి పేరే ఉంది. ‘కంచ’ అంటే పశువుల మేత కోసం వదిలిన గడ్డి నేల. 2025లో దేశమంతా మార్మోగిన కంచ గచ్చిబౌలి పేరులో ఉన్న కంచ కూడా అదే. అక్కడి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 3న ఆపించింది. అప్పుడు చర్చంతా ‘అది అడవా, కాదా’ అనే ప్రశ్న చుట్టూనే తిరిగింది. అడవి అని తేలితేనే రక్షణ దొరుకుతుందంటే, గడ్డి నేల గతేంటి? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

గునుగు ఎందుకు తగ్గుతోంది?

గునుగు ఏడాదికోసారి మొలిచే మొక్క. తొలకరికి మొలుస్తుంది, పండుగ నాటికి పూస్తుంది, నల్లగా మెరిసే చిన్న గింజలు రాల్చి ఎండిపోతుంది. అంటే ఈ ఏడాది గింజ రాలితేనే వచ్చే ఏడాది మొక్క. పత్తి, మక్క చేలల్లో కలుపు మందు కొడితే గింజ పట్టకముందే మొక్క మాడిపోతుంది. ఇలా వరుసగా కొన్నేళ్లు జరిగితే నేలలో ఉన్న విత్తనాల నిల్వ కరిగిపోతుంది.

రైతుకు అది కలుపే, కాదనలేం. కూలీలు దొరక్క మందు కొట్టే రైతును తప్పుపట్టీ లాభం లేదు. అయితే చేనులో పోయినా గట్టు మీద, బీడులో మిగిలితే చాలు, గునుగు బతుకుతుంది. ఇప్పుడు గట్లు కూడా సన్నబడ్డాయి. బీళ్లు ప్లాట్లుగా, పంట భూములుగా మారుతున్నాయి. గట్టుకు కూడా మందు కొట్టడం అలవాటైంది. కలుపు మందు గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని 2022 అక్టోబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మనుషుల, పశువుల ఆరోగ్యానికి ముప్పు ఉందనేదే అందులో చెప్పిన కారణం.

గుర్తుపట్టడం ఎలా?

గునుగు: కాండం నిటారుగా ఉంటుంది. ఆకులు సన్నగా, పొడవుగా, కొసదేరి ఉంటాయి. పూల కంకి కొవ్వొత్తి ఆకారంలో ఉంటుంది. కొన గులాబీ రంగులో, కింది భాగం వెండిలా తెల్లగా మెరుస్తుంది. ముట్టుకుంటే కాగితంలా గరగరలాడుతుంది. అందుకే వాడిపోదు, రంగులు అద్దినా పట్టుకుంటుంది. శాస్త్రీయ నామం సెలోషియా అర్జెంటియా. లేత ఆకులను కూరగా వండుకుంటారు. పెరట్లో పెంచే పట్టుకుచ్చు పువ్వు దీనికి దగ్గరి చుట్టమే.

తంగేడు: నడుము ఎత్తు నుంచి మనిషి ఎత్తు వరకు పెరిగే పొద. ఐదు రేకుల పసుపు పూలు గుత్తులుగా పూస్తాయి. ఒక్కో ఈనెకు సుమారు 8 నుంచి 12 జతల చిన్న ఆకులుంటాయి. కాయ పలచగా, కాగితం పట్టీలా ఉంటుంది. అన్నిటికన్నా తేలికైన గుర్తు ఇంకొకటుంది. ఆకు కాడ మొదట్లో చూడండి, చెవి తమ్మె లాంటి గుండ్రటి రెక్కలు కనిపిస్తాయి. సెన్నా ఆరిక్యులేటా అనే శాస్త్రీయ నామంలో ‘ఆరిక్యులేటా’ అంటే చెవులున్నది అని అర్థం. దీని బెరడును తోళ్లు ఊనడానికి తరతరాలుగా వాడారు.

రోడ్ల పక్కన పెద్ద చెట్టుగా పెరిగి పసుపు పూలు పూసేది తంగేడు కాదు. అది సీమ తంగేడు, ఆగ్నేయాసియా నుంచి తెచ్చి నాటిన చెట్టు. చెట్టు ఎత్తు చూస్తేనే తేడా తెలిసిపోతుంది.

జమ్మి, సర్కారు తుమ్మ: రెండింటి ఆకులూ ఒకేలా అనిపిస్తాయి. తేడా ముళ్లలో ఉంది. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర ముళ్లు జతగా ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్య కొమ్మ పొడవునా అక్కడక్కడా ఉంటాయి. జమ్మి మన రాష్ట్ర వృక్షం. సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి 19వ శతాబ్దంలో వంట చెరకు కోసం తెచ్చింది. ఒకసారి పాతుకుపోతే కింద గడ్డిని ఎదగనివ్వదు.

వయ్యారిభామ: పూత రాకముందు ఆకు చూస్తే క్యారెట్ ఆకులా, చామంతిలా ఉంటుంది. తర్వాత చిన్న చిన్న తెల్లటి పూలు పూస్తుంది. 1950ల్లో పుణె దగ్గర తొలిసారి కనిపించిన ఈ మొక్క ఇప్పుడు లేని ఊరు లేదు. ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. చర్మంపై దద్దుర్లు, ఆయాసం తెస్తుంది. పూత రాకముందే, చేతికి గ్లౌజులు వేసుకుని వేర్లతో సహా పీకాలి. ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దీనిపై దేశవ్యాప్తంగా అవగాహన వారం నడుస్తుంది.

పొరపాటు పడితే ప్రాణాలకే ముప్పు

మొక్కను గుర్తుపట్టడం పండుగకు మాత్రమే పనికొచ్చే విద్య కాదు. 2016లో మన పొరుగునే ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో వందమందికి పైగా చిన్నపిల్లలు చనిపోయారు. అందరూ మెదడువాపు జ్వరమే అనుకున్నారు. కొందరిలో అది నిజమే. అయితే మరికొందరు పిల్లల నమూనాల్లో ఆంత్రాక్వినోన్ అనే విష పదార్థం ఉన్నట్టు నిపుణుల బృందం తేల్చింది. అది వచ్చింది ఊరి పక్కన బీళ్లలో పెరిగే ఒక మొక్క గింజల నుంచి. ఆ మొక్క మనకూ తెలిసిందే, దాని పేరు కసివింద.

కసివింద కూడా తంగేడు జాతిదే, పూలూ పసుపే. మరి తేడా ఎలా తెలుస్తుంది? కసివిందకు ఒక్కో ఈనెకు 4 లేదా 5 జతల ఆకులే ఉంటాయి. అవి పెద్దగా, కొసదేరి ఉంటాయి. నలిపితే చెడు వాసన వస్తుంది. కాడ దగ్గర చెవి తమ్మె లాంటి రెక్కలుండవు. పిల్లలు ఆడుకుంటూ దీని పచ్చి గింజలు నమలకుండా చూసుకోవాలి. ఫోన్‌లో ఫొటో చూపించిన పేరును నమ్మి ఏ అడవి మొక్కనూ తినొద్దు, మందుగా వాడొద్దు.

చెట్లు నాటితే సరిపోదా?

చాలామందికి వచ్చే డౌటే ఇది. గడ్డికి ఎండ కావాలి. బీడంతా చెట్లతో నింపితే నీడ పడి కింద గడ్డి, దాంతోపాటు గునుగు, తంగేడు కూడా తగ్గిపోతాయి. రోడ్ల పక్కన, ఇళ్ల మధ్య, నరికేసిన అడవిలో మొక్కలు నాటడం మంచిదే. గడ్డి నేలలో మాత్రం నాటకుండా వదిలేయడమే రక్షణ.

గడ్డి వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి, వాన నీటి పరుగును తగ్గిస్తాయి. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరదకు రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయిన సంగతి తెలిసిందే. అంతటి వానను గడ్డి ఒక్కటే ఆపలేదు. కానీ ఊరి చుట్టూ నీటిని ఇంకించుకునే నేల తగ్గేకొద్దీ వరద వేగం పెరుగుతుంది.

గడ్డి నేల పోతే ఏం జరుగుతుందో చూడాలంటే నంద్యాల జిల్లా రోళ్లపాడు చాలు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. చుట్టూ ఉన్న గడ్డి నేలలు పంట పొలాలయ్యాయి. ఇప్పుడు అక్కడ బట్టమేక పిట్ట జాడే లేదు. దేశం మొత్తమ్మీద అడవిలో మిగిలినవి 150 లోపే, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే.

మరి మనం ఏం చేయొచ్చు?

జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్లోని మొక్కలు, వాటి స్థానిక పేర్లు, వాడకం, దొరికే చోటు, అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. మీ ఊరి రిజిస్టర్‌లో గునుగు ఉందా? ఏ సర్వే నంబర్లో పూస్తుందో రాశారా? పంచాయతీలో లేదా మున్సిపాలిటీలో అడగండి. లేకపోతే రాయించండి. ఊళ్లో మొక్కల పేర్లు చెప్పగలిగే పెద్దమ్మలు, గొర్ల కాపరులు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.

ఊరి ఉమ్మడి భూములపై 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. ఆక్రమణలు తొలగించి ఆ భూములను గ్రామాలకు తిరిగి అప్పగించేలా పథకాలు తయారుచేయాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. గ్రామసభలో మాట్లాడేటప్పుడు ఈ తీర్పు పేరు గుర్తుంచుకోండి.

మొక్క పేరు తెలియకపోతే ఆకు, కాండం, పువ్వు, కాయ నాలుగింటినీ విడివిడిగా ఫొటో తీయండి. పువ్వు ఒక్కటే తీస్తే సరిపోదు. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు.

ఇక పండుగ పూట చేయగలిగే పని చిన్నదే. గునుగును వేర్లతో పీకకుండా కొడవలితో కోయండి. ఒక చోట ఉన్నదంతా కోసేయకుండా కొన్ని కంకులు గింజకు వదిలేయండి. మిగిలినవి ఎండాక గింజ దులిపి, తొలకరికి గట్టు మీద చల్లండి. తంగేడు కొమ్మ కోస్తే మళ్లీ చిగురిస్తుంది కానీ మొదలు నరికితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఐక్యరాజ్యసమితి 2026ను గడ్డి నేలల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ప్రపంచం ఇప్పుడు గుర్తిస్తున్న విషయాన్ని తెలంగాణ ఆడవాళ్లు ఏటా తొమ్మిది రోజులు తాంబాళంలో పేర్చి చూపిస్తూనే ఉన్నారు. ఆ పూలను ఇచ్చే నేలను రికార్డుల్లో కూడా ‘వృథా’ అనకుండా చూసుకోవడమే ఇక మిగిలింది.