పుస్తకం ఉంది, దొరికే దారే లేదు!

హిరా గుహలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారికి అందిన తొలి ఆదేశం చదవమని. ఆ తొలి వాక్యాలలోనే కలం ప్రస్తావన కూడా ఉంది. ఈ సంగతి మనం ప్రతి జల్సాలో, జుమా ప్రసంగాలలో వింటూనే ఉన్నాం. పిల్లలను బడికీ పంపుతున్నాం, మక్తబ్‌కూ పంపుతున్నాం. అయితే చదవాలన్న కోరిక ఉన్నంత మాత్రాన చాలదు. కావలసిన పుస్తకం చేతికందాలి. నేడు మన ఇబ్బంది పుస్తకాలు లేకపోవడం ఒక్కటే కాదు. ఉన్న పుస్తకం ఎక్కడ ఉందో తెలియకపోవడం కూడా.

గొలుగొండా? గోల్కొండా?

మా గొలుగొండ పేరునే తీసుకుందాం. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఈ మండలంలోనిదే. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై ఆయన దళం దాడి చేసింది. ఈ చరిత్ర చదవదలచిన విద్యార్థి ఊరి పేరును ఇంగ్లీషులో కొట్టి వెతికితే, అక్షరం అటూ ఇటూ కాగానే హైదరాబాదు గోల్కొండ కోట వచ్చి ముందు నిలుస్తుంది. కారణం ఏమిటంటే, 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఈ తాలూకా పేరు ‘గోల్గొండ’ అని ఉంటుంది. ఇప్పుడు మనం రాసే అక్షరక్రమం వేరు. పైగా 2022 ఏప్రిల్ 4 నుంచి మనది అనకాపల్లి జిల్లా. నూరేళ్ల నాటి కాగితాలను ‘అనకాపల్లి జిల్లా’ కింద వెతికితే ఎలా దొరుకుతాయి? పాత పేరు, కొత్త పేరు, పాత జిల్లా, కొత్త జిల్లా, ఇవన్నీ తెలిసి వెతికేవారికే దారి దొరుకుతుంది.

మన పేర్లతో వచ్చే చిక్కు ఇంకా పెద్దది. ఖురాన్, ఖుర్ఆన్, కురాను, ఖురాను. ఒకే గ్రంథం పేరును తెలుగులో ఇన్ని తీర్లుగా రాస్తున్నాం. షేక్, షేఖ్, షైక్ కూడా అంతే. తెలుగువారి పద్ధతిలో ఇంటిపేరుతో జాబితా వేస్తే, షేక్‌లూ సయ్యద్‌లూ అందరూ ఒకేచోట గుంపుగా చేరతారు. వారిలో మనకు కావలసిన రచయితను పట్టుకోవడం గడ్డివాములో సూదిని వెతికినట్టే.

పిఠాపురానికి చెందిన మహాకవి ఉమర్ ఆలీషా (1885-1945) ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను పారశీకం నుంచి నేరుగా తెలుగు చేశారు. ఆ పుస్తకాన్ని ‘ఉ’ కింద పెట్టాలా, ‘ఆ’ కింద పెట్టాలా, ‘ఖ’ కింద పెట్టాలా? మూల కవీ ఉమరే, అనువాదకుడూ ఉమరే! జాబితా రాసేవారు ఒక్కచోట రాసి ఊరుకుంటే, మిగిలిన రెండు చోట్ల వెతికే పాఠకుడు పుస్తకం లేదనుకొని వెళ్లిపోతాడు.

1876లో అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ ప్రచురించిన వర్గీకరణను అనేక గ్రంథాలయాలు అనుసరిస్తాయి. అందులో క్రైస్తవానికి 220 నుంచి 289 వరకు సంఖ్యలు ఉండగా, ఇస్లాంకు దక్కింది 297 ఒక్కటే. ఆ సంఖ్యకు లోపల ఉపవిభాగాలు లేకపోలేదు. కాని చిన్న గ్రంథాలయాలలో అంత లోతుకు ఎవరు పోతారు? తఫ్సీరు, హదీసు, ఫిఖహ్, సీరత్ అన్నీ ఒకే వరుసలో కలిసిపోతాయి.

మన పెద్దలు చూపిన బాట

ఈ సమస్య మన పెద్దలకు కొత్తది కాదు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (హిజ్రీ 241లో మరణం) తమ ‘ముస్నద్’లో హదీసులను సహాబాల పేర్ల వారీగా కూర్చారు. చెప్పినవారి పేరు తెలిసినవారికి అది సులువు. ఇమామ్ బుఖారీ (హిజ్రీ 256లో మరణం) తమ సంకలనాన్ని విషయాల వారీగా, అధ్యాయాలుగా విభజించారు. నమాజు గురించి తెలుసుకోవాలంటే నమాజు అధ్యాయం తెరిస్తే చాలు. అంతేకాదు, ఒక హదీసు రెండు మూడు విషయాలకు వర్తిస్తే దానిని ఆయా అధ్యాయాలన్నింటిలోనూ మళ్లీ చేర్చారు. గ్రంథాలయంలో రచయిత జాబితా, విషయ జాబితా, ఒకే పుస్తకాన్ని పలుచోట్ల చూపడం అంటే సరిగ్గా ఇదే.

బాగ్దాదులో పుస్తకాల వర్తకుడైన ఇబ్న్ అన్ నదీమ్ హిజ్రీ 377లో, అంటే క్రీ.శ. 987లో ‘అల్ ఫిహ్రిస్త్’ అనే జాబితా తయారుచేశారు. తమ కాలంలో అరబ్బీలో ఉన్న గ్రంథాలను, రచయితలను పది భాగాలుగా వివరించారు. 1258లో మంగోలులు బాగ్దాదును నేలమట్టం చేశారు. ఆ జాబితాలోని గ్రంథాలలో చాలా భాగం నేడు ఎక్కడా లేవు. అవి ఒకప్పుడు ఉండేవన్న సంగతైనా మనకు తెలిసింది ఆ జాబితా వల్లనే. పుస్తకాలు పోయినా పేర్లు నిలిచాయి.

మనం చెల్లిస్తున్న పన్ను

భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో ఒకటి, పాఠకుడి కాలం వృథా కాకూడదని. మన రాష్ట్రంలో 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది. ఇల్లున్న ప్రతి ముస్లిం కుటుంబమూ ఇది చెల్లిస్తూనే ఉంది. కనుక శాఖా గ్రంథాలయానికి వెళ్లి జాబితా చూపమని అడగడం మనం ఎవరినో యాచించడం కాదు, అది మన హక్కు. పుస్తకం లేకపోతే ఫలానా పుస్తకం తెప్పించమని రాతపూర్వకంగా కోరాలి. అడిగేవారు లేనిచోట కొనేవారు ఉండరు.

మరి మన సొంత పుస్తకాల మాట? ఇక్కడే అసలు నష్టం జరుగుతోంది. మన పల్లెల్లో తాతలు ఉర్దూ చదివినవారు. మనుమలకు ఆ లిపి రాదు. పెద్దాయన కన్నుమూశాక ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే, లోపల ఉర్దూ లిపిలో ఉన్నదంతా పవిత్ర గ్రంథమేనని భయపడి, భక్తితో మూటగట్టి బావిలోనో ఏటిలోనో వదిలేస్తున్నారు. ఆ మూటలో యునానీ వైద్యపు చిట్కాలు ఉండవచ్చు, వంశవృక్షం ఉండవచ్చు, వక్ఫ్ భూమి దస్తావేజు కూడా ఉండవచ్చు! చదవగలిగినవారికి ఒక్కసారి చూపి, పేరు రాసి పెట్టుకున్న పాపాన పోలేదు.

ఇలా చేద్దాం

ప్రతి మసీదులోనూ ఒక అల్మారా ఉంటుంది. దానికి ఒక రిజిస్టరు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పుస్తకం పేరును మూల లిపిలోనూ, తెలుగు లిపిలోనూ రాయాలి. రచయితను జనం పిలుచుకునే పేరుతో రాయాలి. విషయమేమిటో ఒక్క ముక్కలో చెప్పాలి. ఏ అరలో ఉందో, ఎవరు తీసుకెళ్లారో గుర్తించాలి. ఉర్దూ తెలిసిన పెద్దలు చదివి చెబితే, తెలుగు చక్కగా రాసే యువకులు రాసుకోవాలి. రెండు తరాలు ఇలా పక్కపక్కన కూర్చోవడమే ఒక మేలు.

ఆ జాబితా నకలు ఒకటి ఇళ్లకు చేరాలి. మసీదు అల్మారా దగ్గరికి, పఠన మందిరానికి వెళ్లే వీలు లేని మన అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. ఇంట్లో మగవారు తెచ్చిందే వారు చదవాలి. జాబితా చేతిలో ఉంటే తమకు కావలసినది తామే ఎంచుకొని ఫలానాది తెమ్మని చెప్పగలరు.

ఇక ఫోను. భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం, ఇంటర్నెట్ ఆర్కైవ్, ఉర్దూ కోసం రేఖ్తా వంటి చోట్ల వేలాది పుస్తకాలు ఉచితంగా చదవవచ్చు. అయితే అక్కడా పేర్ల చిక్కు తప్పదు. తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో తప్పులతడకగా ఎక్కించినవి ఎన్నో. ఒకసారి దొరకలేదని వదిలేయకండి. తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాలలో, రచయిత పేరుతో, విషయంతో, ఇలా నాలుగు దారుల్లో వెతకమని పిల్లలకు నేర్పండి.

ఇల్మ్ మనకు అమానతు. దాచి పెట్టినంత మాత్రాన అమానతు బాధ్యత తీరదు. హక్కుదారు అడిగినప్పుడు తీసి ఇవ్వగలగాలి. ఈ జుమా నమాజు తర్వాత మీ మసీదు అల్మారా తాళం ఎవరి దగ్గరుందో అడగండి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.