బడి తోటలో నీటి పాఠం

వానలు మొదలై బడులు తెరిస్తే చాలు, ఆవరణంతా సందడే! గుంతలు తవ్వుతారు. మొక్కలు నాటుతారు. ఫొటోలు దిగుతారు. మరుసటి ఏడాది చూస్తే... అదే గుంత, అందులో మళ్లీ కొత్త మొక్క!

నల్లగొండ, పాలమూరు చెలకల్లో మొక్క నాటడం పెద్ద పనేం కాదు. దాన్ని ఎండాకాలం దాటించడమే అసలు పరీక్ష. సరిగ్గా నీళ్లు కావాల్సిన రోజుల్లోనే బడికి సెలవులొస్తాయి. మొక్క దగ్గరికి వచ్చేవాళ్లుండరు. అందుకే ఇక్కడి హైస్కూలు పిల్లలకు పర్యావరణం, తోటపని వేర్వేరు పాఠాలు కావు. రెండూ నీటితోనే మొదలవుతాయి.

ఆదేశాలకు కొదవలేదు

బడిలో తోటపని కొత్త ఆలోచనేమీ కాదు. చేతిపనే చదువుకు కేంద్రం కావాలని గాంధీజీ 1937లోనే వార్ధాలో చెప్పారు. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ ఇంకో అడుగు ముందుకేసింది. పల్లె బడుల్లో వ్యవసాయ విద్య ఉండాలనీ, అందులో ఉద్యానం, పశుపోషణ, కుటీర పరిశ్రమలు చేర్చాలనీ సిఫార్సు చేసింది.

ఆ తర్వాత పర్యావరణం వంతు వచ్చింది. ఎం.సి.మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు, పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయాలంది. అమలు అంతంతమాత్రంగానే ఉండటంతో 2003లో మరోసారి గట్టిగా చెప్పింది. ఈలోగా 2001-02లో కేంద్రం జాతీయ హరిత దళాన్ని ప్రారంభించింది. ఒక్కో బడిలో 30 నుంచి 50 మంది పిల్లలతో ఎకో క్లబ్. అలాంటివి దేశంలో లక్ష దాటాయి. మధ్యాహ్న భోజనానికి తోడుగా బడుల్లో కూరగాయల తోటలు పెంచాలంటూ 2019లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఊరి నేలకు, ఊరి నీటికి తగిన పాఠమే!

బోరుబావే ప్రయోగశాల

నల్లగొండ అనగానే గుర్తొచ్చేది ఫ్లోరైడ్. ఇక్కడి నేల అడుగున ఉన్న గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఖనిజాలున్నాయి. నీరు ఎంతకాలం ఆ రాళ్లను ఒరుసుకుని ఉంటే అంతగా ఫ్లోరైడ్ అందులో కలుస్తుంది. తాగేనీటిలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారకడతాయి, ఎముకలు వంగిపోతాయి. ఎన్నో కుటుంబాలకు ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు, అనుభవించిన బాధ.

దీనికి విరుగుడుగా నాగపూర్‌లోని 'నీరి' సంస్థ రూపొందించిన పద్ధతి పేరే 'నల్లగొండ టెక్నిక్'. నీటిలో తగిన మోతాదులో పటిక, సున్నం కలుపుతారు. ఫ్లోరైడ్‌ను పట్టుకున్న తెట్టు అడుగున పేరుకుంటుంది. క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. ఈ జిల్లా పేరుతోనే ఈ పద్ధతి కెన్యా, టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది! రసాయనశాస్త్రం టీచరు దీన్ని రెండు గాజు జాడీల్లో చేసి చూపించవచ్చు. పిల్లలు చూడటానికే సుమా, ఆ నీళ్లు తాగడానికి కాదు.

2016లో మొదలైన మిషన్ భగీరథతో పైపుల్లో నదీజలాలు ఊళ్లకు చేరాయి. కానీ పొలాల్లో బోర్లు ఆగలేదు. భూమి లోపల ఎంత నీరుందో, ఎంత తోడుతున్నామో ఎవరు లెక్కపెట్టాలి?

రైతులే లెక్కపెట్టిన సందర్భం ఒకటుంది. 2003 నుంచి 2009 దాకా, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా అందులో ఉన్నాయి. రైతులే వాన కొలిచారు. బావుల్లో నీటిమట్టం కొలిచారు. యాసంగికి ముందు కూర్చుని ఏ పంటకు ఎంత నీరో లెక్క వేసుకున్నారు. పెద్ద చదువులు లేని రైతులు చేసిన పనిని తొమ్మిదో తరగతి పిల్లలు చేయలేరా?

చేయి కడిగిన నీళ్లెన్ని?

లెక్క చాలా తేలిక. చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. పాలమూరులో ఏడాదికి సగటున 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురుస్తుంది. అంటే వంద చదరపు మీటర్ల బడి స్లాబు మీద పడేది 60 వేల లీటర్లు! అందులో సగం ఇంకుడుగుంతకు మళ్లించినా మేలే.

ఇంకోటి... రెండు వందల మంది పిల్లలున్న బడిలో అన్నానికి ముందూ తర్వాతా చేతులు, పళ్లేలు కడగడానికి ఒక్కొక్కరూ లీటరు వాడితే రోజుకు 200 లీటర్లు. ఆ నీటిని కాలువ చేసి మళ్లిస్తే మునగ, కరివేపాకు, గోంగూర, బీరపాదులు బతుకుతాయి. అయితే సెలవుల్లో ఈ నీళ్లూ ఉండవు. కాబట్టి కూరగాయలు జూన్, జులైల్లో మొదలై మార్చికల్లా ముగియాలి. ఎండాకాలాన్ని తట్టుకునే పని చెట్లకే వదిలేయాలి.

కంచె అడగని చెట్టు

అలాంటి చెట్టు పక్క గుట్ట మీదే ఉంది. సీతాఫలం! ఎక్కడో అమెరికా ఖండం నుంచి వచ్చి పాలమూరు గుట్టల్లో సొంతబిడ్డలా పెరిగింది. బాలానగర్ రకానికి దేశమంతా పేరు. ఎండాకాలంలో ఆకు రాల్చి నీటిని పొదుపు చేసుకుంటుంది, వాన పడగానే చిగురిస్తుంది. మేకలు దీని ఆకు ముట్టవు. ప్రహరీ లేని బడికి ఇంతకన్నా ఏం కావాలి?

జీవశాస్త్రం పాఠం కూడా ఇందులోనే ఉంది. సీతాఫలం పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. అందుకే తనంతట తాను కాయ పట్టడం తక్కువ. చిన్న పురుగులే ఈ పని చేసిపెట్టాలి. ఓ పువ్వు పుప్పొడిని మెత్తటి బ్రష్‌తో మరో పువ్వుకు అద్ది, దారం కట్టి గుర్తుపెట్టుకుంటే ఎన్ని కాయలయ్యాయో పిల్లలే లెక్కించవచ్చు.

బత్తాయి చెప్పే నిజం

నల్లగొండకు బత్తాయి తోటలే సిరి. అంటు కట్టడం నేర్చుకోవడానికీ ఇదే మంచి చెట్టు. రంగపూర్ నిమ్మ వంటి గట్టి వేరుమొక్క మీద బత్తాయి కన్ను అంటిస్తారు. పూత కోసం కొన్నాళ్లు నీళ్లాపి తోటను బెట్టకు వదలడం కూడా ఒక విద్యే.

కానీ బోర్లు ఎండిన కరువేళల్లో ఇవే తోటలకు ట్యాంకర్లతో నీళ్లు తోలారు. అదీ చాలక కొందరు ఏళ్లపాటు పెంచిన చెట్లను కొట్టేసుకున్నారు. ఎన్ని చెట్లు పెట్టాలన్నది మన ఆశను బట్టి కాదు, నీటిని బట్టి తేల్చుకోవాలని తెలిసిన పిల్లలు రేపు ఆ నష్టం కొని తెచ్చుకోరు.

పిల్లలమర్రి వైద్యం

మహబూబ్‌నగర్ దగ్గర దాదాపు మూడెకరాల్లో పరుచుకున్న పిల్లలమర్రి 2017 చివర్లో చెదల పాలైంది. కొమ్మలు విరిగాయి. సందర్శకులను ఆపేశారు. 2018లో చెదల మందును పలుచన చేసి, సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఊతాలు కట్టారు. వందల ఏళ్ల చెట్టుకైనా కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలని విహారయాత్రకు వెళ్లే పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

'మట్టి పిసకడానికేనా బడికి పంపింది?'

తల్లిదండ్రుల్లో చాలామంది మాట ఇదే. పొలంలో దెబ్బతిన్నవారి భయం అది, తప్పుపట్టలేం. అయితే తోట చదువుకూ మెట్లున్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఉద్యాన డిప్లొమా ఉంది. ఇంటర్ బైపీసీ తర్వాత నాలుగేళ్ల డిగ్రీ ఉంది. కొండా లక్ష్మణ్ పేరిట ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. వనపర్తి జిల్లా మోజర్లలో కళాశాల, నల్లగొండ జిల్లా కొండమల్లేపల్లిలో పరిశోధన స్థానం ఉన్నాయి.

అందరూ ఆ దారే పట్టనక్కర్లేదు. డాక్టరైనా, డ్రైవరైనా తన ఊరి నీరు ఎంతో తెలిసిన మనిషి అయితే చాలు. ఈసారి బడిలో మొక్క నాటేటప్పుడు పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి... 'మే నెలలో దీనికి నీళ్లెవరు పోస్తారు?' జవాబు దొరికాకే గుంత తవ్వమనండి!