శ్రీశైలం నీటిలో చేప ఎవరిది?

కృష్ణకు వరదొస్తే శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండుతుంది. వేసవిలో నీరు బాగా దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఈ రెంటి మధ్యే, పుట్టి మీద వేటకెళ్ళే వాళ్ళ బతుకు.

బొచ్చె, రవ్వ నిలవ నీట గుడ్డు పెట్టవు. వానాకాలం కొత్తనీటికి ఎదురెక్కి, లోతులేని చోట పెడతాయి. అందుకే అప్పుడు వేట ఆపాలి. ఆ పిల్ల ఎదిగితేనే, ఎండాకాలం నీరు తగ్గి చేప ఒకచోట చేరినప్పుడు వల బరువెక్కుతుంది.

ఆ లోపే అలివి వలలు దిగుతున్నాయి. సన్నకన్ను వల వేలెడు పిల్లనూ వదలదు. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా పోయించే పిల్లలకూ ఈ వలల గండం తప్పడం లేదు. లాభం వ్యాపారిది, ఖాళీ వల మత్స్యకారుడిది.

అలివి లాగేవాళ్ళ మీద మనకు కోపం వద్దు. వాళ్ళూ అడ్వాన్సుకు కట్టుబడి దూరం నుంచి వచ్చిన కూలీలే. పెట్టుబడి పెట్టినవాడు గట్టున కనిపించడు. వలలు తగలబెడితే చాలదు, వాటి వెనకున్న డబ్బును పట్టాలి.

ఈ నీటి కింద 1981లో ఖాళీ చేయించిన మన ఊళ్ళున్నాయి. భూమి పోయినవాళ్ళకు చేప కూడా దక్కొద్దా?

మేం అడిగేది ఇంతే: అలివి వ్యాపారులపై కేసులు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో సముద్ర వేట నిషేధానికి భృతి ఇస్తున్నట్టే, వేట ఆపిన రోజులకు రెండు రాష్ట్రాల్లోనూ జలాశయం వాళ్ళకివ్వాలి. సొసైటీలే చేప కొని, ఐసు సౌకర్యం కల్పించాలి. కూలీలూ, మత్స్యకారులూ ఒకే గట్టున నిలబడితేనే ఇవి సాధిస్తాం.