ఆవిరి ఇంజన్లు ఒక్కోటి ఒక్కోలా ఎందుకు కూస్తాయి?

డార్జిలింగ్ టాయ్ ట్రైన్‌ను లాగే పాత ఆవిరి ఇంజన్ చెవులు గింగురుమనేలా కీచుగా కూస్తుంది. మరికొన్ని ఆవిరి ఇంజన్లేమో బొంగురుగా కూస్తాయి. ఎందుకీ తేడా?

ఖాళీ సీసా మూతి మీదుగా ఊది చూడండి. బుయ్‌మంటుంది కదా! లోపలి గాలి అదరడమే ఆ మోత. కొంచెం నీళ్లు పోసి ఊదితే స్వరం సన్నబడుతుంది. గాలికి చోటు తగ్గింది మరి!

ఇంజన్ విజిల్‌లోనూ అంతే. డ్రైవర్ మీట లాగగానే బాయిలర్‌లోని ఆవిరి సన్నని చీలికలోంచి దూసుకొచ్చి, పైనున్న లోహపు గొట్టం అంచును కొడుతుంది. దాంతో గొట్టం లోపలున్న ఆవిరి అదురుతుంది. గొట్టం పొట్టిదైతే కీచుకూత, పొడవైతే బొంగురుకూత. కొన్ని విజిళ్లలో వేర్వేరు పొడవుల అరలుంటాయి. వాటిలో రెండు మూడు స్వరాలు కలిసి పలుకుతాయి.

ఆవిరి ఒత్తిడి మారినా స్వరం మారుతుంది. అందుకే మీట లాగే తీరును బట్టి ఒకే ఇంజన్‌తో రకరకాలుగా కూయించవచ్చు!