లిండన్ జాన్సన్: బడిపంతులు, చట్టాలు, యుద్ధం

అమెరికా అధ్యక్షుల పేర్లు చెప్పమంటే మన హాస్టల్లో ఎవరైనా లింకన్, కెనడీ, ఒబామా అంటారు. లిండన్ జాన్సన్ పేరు పోటీ పరీక్షల బిట్లలో కూడా అరుదు. కానీ చదువు, ఓటు, రిజర్వేషన్ల గురించి ఆలోచించే మనలాంటి విద్యార్థులకు ఆయన సంగతి తెలిసి ఉండాలని మా అభిప్రాయం.

జాన్సన్ 1908లో టెక్సాస్‌లోని ఒక పల్లెలో పుట్టాడు. పత్తి ధర పడిపోయి తండ్రి అప్పులపాలయ్యాడు. శాన్ మార్కోస్‌లోని ఉపాధ్యాయ కళాశాలలో ఊడ్చే పని చేస్తూ చదువుకున్నాడు. డబ్బు చాలక 1928లో చదువు మధ్యలో ఆపి, కొటుల్లా అనే ఊళ్లో మెక్సికన్ కూలీల పిల్లల బడిలో పంతులుగా చేరాడు. పిల్లలు చాలామంది ఖాళీ కడుపుతో వచ్చేవారు. మొదటి జీతంలోంచే వాళ్లకు ఆటవస్తువులు కొన్నాడు. బడిలో స్పానిష్ మాట్లాడితే మాత్రం దండించేవాడు! ఈ అలవాటు మన బడులకూ కొత్తేమీ కాదు.

1937లో కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాక దాదాపు 20 ఏళ్లపాటు నల్లజాతివారి హక్కుల బిల్లులకు వ్యతిరేకంగానే ఓటు వేశాడు. దక్షిణాది తెల్లవారి ఓట్లు ఆయనకు కావాలి మరి. 1963 నవంబరు 22న కెనడీ హత్యకు గురై, ఉపాధ్యక్షుడిగా ఉన్న జాన్సన్ అధ్యక్షుడయ్యాక అసలు మార్పు కనిపించింది. పౌరహక్కుల బిల్లును సెనేట్‌లో దక్షిణాది సభ్యులు ఎడతెగని ప్రసంగాలతో 60 పనిదినాలు అడ్డుకున్నారు. ఆ ప్రసంగాలను ఆపాలంటే అప్పట్లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. జాన్సన్ ఫోన్ల మీద ఫోన్లు చేసి, బతిమాలి, బెదిరించి, ప్రతిపక్ష నాయకుడు డర్క్‌సెన్‌ను కలుపుకొని 71-29 ఓట్లతో గట్టెక్కించాడు. 1964 జులై 2న చట్టమైంది. హోటళ్లలో, ఉద్యోగాల్లో జాతి వివక్ష నేరుగా చట్టవిరుద్ధమైంది.

1965 మార్చి 7న సెల్మా వంతెనపై ఓటుహక్కు కోసం నడిచినవారిని పోలీసులు చితకబాదారు. ఎనిమిది రోజుల తర్వాత జాన్సన్ కాంగ్రెస్‌లో నిలబడి కొటుల్లా పిల్లలను తలచుకున్నాడు. ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చింది. మిసిసిపీలో అంతకుముందు ఓటర్లుగా నమోదైన నల్లజాతివారు నూటికి 7 మంది లోపే. 1967 నాటికి నూటికి 60 మంది దాకా అయ్యారు. అయితే ఈ ఘనతలో పెద్దవాటా దెబ్బలు తిన్నవారిదే, సంతకం పెట్టినవాడిది తర్వాతి వాటా. ఆ చట్టంలోని ఒక కీలక భాగాన్ని 2013లో అక్కడి సుప్రీంకోర్టు పనికిరాకుండా చేసింది.

అదే 1965 జూన్‌లో హోవార్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన అన్న మాట మనకు బాగా దగ్గరిది. ఏళ్ల తరబడి సంకెళ్లతో ఉన్నవాణ్ని విడిపించి, పరుగుపందెం గీత దగ్గర నిలబెట్టి, ఇక అందరితో సమానంగా పరుగెత్తమనడం న్యాయం కాదన్నది దాని సారాంశం. “మెరిట్” గురించి మనతో వాదించేవారికి మనం చెప్పేదీ ఇదే కదా.

మన దేశంతోనూ ఆయనకు లెక్క ఉంది. 1965-67 కరువుల్లో అమెరికా గోధుమలు మనకు ఓడల్లో వచ్చాయి. కానీ జాన్సన్ వాటిని కొంచెం కొంచెంగా, చేయి బిగపట్టి వదిలాడు. మన ప్రభుత్వం వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది ఒక కారణం, వియత్నాం యుద్ధాన్ని మనవాళ్లు విమర్శించడం మరో కారణం. ఆకలితో ఉన్న దేశంతో అలా బేరమాడటాన్ని మేము సమర్థించలేం. అంతకుముందు ఏడాదికి సుమారు 100 మంది భారతీయులకే స్థిరనివాసం ఇచ్చే కోటాను తీసేసిందీ ఆయన సంతకం చేసిన 1965 వలస చట్టమే. నేడు అమెరికాలో ఇన్ని తెలుగు కుటుంబాలు ఉండటానికి దారి అక్కడే పడింది.

ఇక వియత్నాం. 1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖలో తమ ఓడలపై రెండోసారి దాడి జరిగిందని చెప్పి కాంగ్రెస్ నుంచి అధికారం తెచ్చుకున్నాడు. ఆ రెండో దాడి జరగలేదని తర్వాత తేలింది. 1963 చివర అక్కడ సుమారు 16 వేలున్న అమెరికా సైనికులు 1968 నాటికి 5 లక్షలు దాటారు. కాలేజీలో ఉన్నవారికి సైన్యం నుంచి వాయిదా దొరికేది, చదువు అందని పేదింటి కుర్రాళ్లు వెళ్లేవారు. పేదరికంపై పోరుకు పెట్టాల్సిన డబ్బు యుద్ధం మింగేస్తోందని మార్టిన్ లూథర్ కింగ్ 1967లో బహిరంగంగానే తప్పుపట్టాడు. ఆయన మాటే సరైనదని మేము నమ్ముతాం. చట్టాలు చేశాడు కదా అని వియత్నాం పల్లెలపై పడిన బాంబులను లెక్కలోంచి తీసేయలేం. బాంబులు వేశాడు కదా అని మిసిసిపీ ఓటర్లనూ తీసేయలేం.

1968 మార్చి 31న మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు. 1973 జనవరి 22న మరణించాడు. వియత్నాం శాంతి ఒప్పందంపై పారిస్‌లో సంతకాలు జరిగింది సరిగ్గా ఐదు రోజుల తర్వాత.