పలక మీద నాలుగు మాటలు

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దినవారు మనలో ఎందరో! ఆ పలకకు గిరాకీ తగ్గింది. ఆ రాయే నేడు నేలకు, గోడలకు బండగా అమ్ముడవుతోంది. కొనేవారు మాత్రం దూరాన ఉన్నారు.

వారికి మాట చేర్చే చిన్న పలకే ‘ఎక్స్’. 2006లో ట్విట్టర్‌ పేరుతో, 140 అక్షరాల హద్దుతో మొదలైంది. 2017లో హద్దు 280 అయింది, 2023లో పేరు మారింది. చోటు తక్కువ గనుక సూటిగా వ్రాయాలి.

ప్రియ చదువరులారా, మేము చెప్పేదొకటే: సరుకు ఫోటో, కొలత, ధర, ఊరు వ్రాయండి. అడిగినవారికి ఆ రోజే జవాబివ్వండి. లేని నాణ్యత చెప్పకండి. డబ్బు పంపుతామంటూ పిన్‌ అడిగితే చెప్పవద్దు. డబ్బు రావడానికి పిన్‌ అక్కరలేదు.

చేతకాకపోతే పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకోండి. నాడు మీరు దిద్దించారు, నేడు వారు దిద్దిస్తారు.